గోడ మీది గింజలు

సిరిసిల్ల,
2011 జూన్ 16.

మరిది మొండయ్యకు,

వెంకటవ్వ రాస్తున్నది. నేను బాగనే ఉన్న. జితేందర్ రోజూ మగ్గాల కాడికి పోతున్నడు, నేను చాట ఒళ్ళె పెట్టుకొని బీడీలు చుడుతున్న. కొడుకు ఫోన్ల మాట్లాడుమంటడు గని నీకు వినరాదు. నువ్వు అరిస్తే గీ మగ్గాల చప్పుడుల నాకు వినరాదు. మనిద్దరికి ఉత్తరమే దిక్కు.

మిరుగం కార్తె అచ్చి వారం దాటింది. నా చెల్లె ఉంటే ఈపాటికి గింజలు పెట్టేది. నర్సవ్వ పోయి మూడు నెలలాయె, గింజల సంగతి నీకు చెప్పి పోయిందో లేదో అని రాస్తున్న. ఇంటెనుక గోడకు, చూరు కింద, చిన్న చిన్న పిడకలు వరుసగ ఉంటయి చూడు. అవి పొయ్యిల పెట్టేటియి కావు. మాఘంల గింజలను పెండల కలిపి గోడకు కొట్టి పెట్టింది. అట్లయితే పురుగు పట్టదు, ఎలుక ముట్టదు. బీర, కాకర పోతే పోయినయి, ఎవలింట్లనన్న అడుగచ్చు. ఆనిగెపుకాయ మాత్రం మా అవ్వ చేతి విత్తనం. మెడ సన్నగ, కింద కుండ లెక్క ఉంటది. అంగట్ల అమ్మే సొరకాయ అది కాదు. నాకు ఈడ రెండు రూములు, ముందట గచ్చు. నేను ఏడ్చి పెట్టినా మొలక రాదు. ఆ విత్తనం ఇప్పుడు నీ గోడ మీదనే ఉన్నది, ఇంకెక్కడ లేదు.

పిడక పలగ్గొట్టి, గింజలు నానబెట్టి, మొన కిందికి చేసి పెట్టు. పెట్టినంక రాయి. రాయకుంటే పెట్టలేదనుకుంట.

వెంకటవ్వ

*

కోరుట్ల,
2011 జూన్ 22.
(రాసినోడు పోస్టు డబ్బల వెయ్యని ఉత్తరం)

వదినెకు,

నీ ఉత్తరం నిన్న అందింది. మూడు దినాలు ముందు వస్తే బాగుండు.

మొన్న ఐతారం నాడు రోడ్ల మీద వంటావార్పు అయింది. సిరిసిల్లల గూడ అయ్యే ఉంటది. తెలంగాణ ఇయ్యకుంటే రోడ్డు మీదనే వండుకొని తింటమని ఇక్కడ జగిత్యాల రోడ్డు పొడుగునా పొయ్యిలు పెట్టిండ్రు. పోరగాళ్ళు ఇల్లిల్లు తిరిగి బియ్యం, పప్పు, కట్టెలు అడిగిండ్రు. నా ఇంట్ల కట్టెలు లేవు. బడి అటెండర్ ఉత్త చేతులతో వచ్చిండంటే ఇజ్జత్ పోతదని ఇల్లంతా వెతికిన. వెనుక గోడకు పిడకలు కనబడ్డయి. మా ఆడది పోతూ పోతూ తెలంగాణకు గింత వాటా పెట్టిపోయిందని సంబురపడి, అన్ని ఊడదీసి, గంపకెత్తి, నేనే మోసుకపోయిన.

పొయ్యిల పెడితే పట్ పట్ మని పేలినయట. నాకు వినరాలే. ఎదురింటి భీమయ్య నా చెవుల నోరు పెట్టి చెప్పిండు. "మొండన్నా, నీ పిడకలు గూడ జై కొడుతున్నయే" అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. ఆ కిచిడీ రెండుసార్లు పెట్టించుకొని తిన్న.

ఒక్కొక్క పిడక మీద నాలుగు వేళ్ళ అచ్చు ఉండె. ఊడదీసేటప్పుడు చూసిన. ఎవలి వేళ్ళని అనుకోలే.

నీ ఉత్తరం చదివినంక రోడ్డు కాడికి పోయిన. బూడిద మీదికెల్లి లారీలు పోయినయి. ఏరనీకి ఏం లేదు. వదినె, నేను

*

కోరుట్ల,
2011 జూన్ 25.

వదినెకు మొండయ్య చేతులు జోడించి రాసేది,

నువ్వు చెప్పినట్టే చేసిన. గింజలు నానబెట్టిన, మొన కిందికే పెట్టిన. ఏది మొనో ఏది తలో తెలువక కొద్దిసేపు పరేషాన్ అయిన గని, బడిల పిల్లలను వరుసల నిలబెట్టిన అనుభవం పనికొచ్చింది. బాయి పక్క మడిల పెట్టి నీళ్ళు పోసిన.

వానలు సరిగ లేవు. బడి తెరిచిండ్రు. నేను కొట్టిన గంట నాకు వినరాక ముప్పై ఏండ్లాయె. నా చెవులు చెడగొట్టిందే ఆ గంట. అయినా కొట్టినప్పుడు మణికట్టుకు తెలుస్తది, పలికిందా లేదా అని. సర్కారు జీతం ఇచ్చేది చెవులకు కాదు, మణికట్టుకు.

గింజల గురించి రంది పెట్టుకోకు.

మొండయ్య

*

సిరిసిల్ల,
2011 జూలై 14.

మరిదీ,

నీ ఉత్తరం చదివి నాకు ఏడుపచ్చింది. మంచి ఏడుపే. నా చెల్లె పోయిన సంది గిప్పుడే జర గుండె కుదురుకున్నది. పక్కింటి లస్మమ్మకు చదివి వినిపిచ్చిన. "మీ మరిదికి తోటపని తెలుసునా" అని అడిగింది. తెలువదు గని చెప్తే వింటడు అన్న. ఆమె నవ్వింది, చెవిటోడు వినుడేంది అని. మా ముచ్చట్లు గిట్లనే ఉంటయి.

ఈపాటికి రెండాకులు ఇడిసి ఉంటది. జానెడు ఎత్తుకు అచ్చినంక పక్కన కంప గుచ్చు, పట్టుకొని పాకుతది. పందిరి ముందుగాల్నే వెయ్యి. తీగె అచ్చినంక వేద్దామని కూసుంటే అది నేల మీద పండుకుంటది, మళ్ళ లేవది. మా అవ్వ అనేది, ఆనిగెపు తీగెకు ఎవలో ఒకలు చెయ్యియ్యాలె అని.

ఇంకో మాట. తొలి కాపుల మంచి కాయ ఒకటి చూసి గుడ్డ పేలిక కట్టు. ఎవలు అడిగినా కొయ్యకు. అది తీగె మీదనే ముదరాలె, ఎండాలె. అది వచ్చే ఏటికి. అందులకెల్లి నాలుగు గింజలు నాకు పంపు చాలు. ఎక్కడ పెడుతవు అని అడుగకు. కొంగుకు కట్టుకొని ఉంచుకుంట.

మొలిచిందా రాయి.

వెంకటవ్వ

*

కోరుట్ల,
2011 ఆగస్టు 21.

వదినెకు,

ఆలస్యమాయె, తిట్టకు. పందిరి వేసిన. గిది నిజంగ వేసిన వదినె. నాలుగు గుంజలు పాతి, వెదురు తడకలు పరిచి, తాడుతోని కట్టిన. మా నాయిన జిందగీ అంత తాళ్ళెక్కి కల్లు గీసిండు. నేను స్టూలెక్కి గంట కొట్టుడు తప్ప ఏదీ ఎక్కలే. పందిరి కోసం నిచ్చెన ఎక్కి, సగంలనే గుంజను వాటేసుకున్న. కింద భీమయ్య నిచ్చెన పట్టుకొని, గౌండ్లోళ్ళ పరువు తీస్తున్నవు, దిగు ఇగ అన్నడు.

తీగె పాకుతున్నది. కొసలు పట్టుకునేటందుకు సన్నని దారాల లెక్క చేతులు చాపుతున్నది. పొద్దున ఒక దిక్కు ఉంటే మాపటికి ఇంకో దిక్కు. మా బడిల కొత్త టీచరమ్మ లెక్కనే, ఒక్క కాడ నిలువది.

ఇల్లు ఊడ్చిన మొన్న. ఐదు నెలల బూజు. నర్సవ్వ ఉన్నప్పుడు మా ఇంట్ల బూజు ఉంటదని నాకు తెలువదు. దూలానికి ఒక ఎండుకాయ బుర్ర వేలాడుతున్నది, మీ నాయిన కల్లు పోసుకునే బుర్రను నర్సవ్వ యాదికి తెచ్చుకున్నదనుకుంట. గుక్కెడన్న మిగిలి ఉంటదేమో అని దించి చెవి కాడ ఊపిన. ఏ చప్పుడు లేదు. మీ నాయిన దానికి మూతి కొయ్యనే మర్చిపోయిండు. కల్లు ఎట్ల పోసేటోడో, ఎట్ల తాగేటోడో. మళ్ళ అక్కడనే తగిలేసిన.

మాపటికి టీవీ పెట్టుకుంట. వినరాదు గద, చూసుడే. నాయకులందరు చెరువుల నీళ్ళు ఎండినంక చేపలు నోరు తెరిచినట్టు తెరుస్తరు, మూస్తరు. తెలంగాణ వస్తున్నదంటున్నరా రాలేదంటున్నరా నోరు చూసి చెప్పలేకపోతున్న. వాళ్ళకు గూడ తెలువదనుకుంట.

నువ్వు ఉత్తరాలు మాత్రం ఆపకు. పోస్టాయన నన్ను చూసి సైకిల్ దిగుతున్నడు. అంతకు ముందు బెల్లు కొట్టి పోయేటోడు, నాకు వినరాకపోయేది.

మొండయ్య

*

సిరిసిల్ల,
2011 సెప్టెంబర్ 9.

మరిదీ,

నువ్వు గింత పొడుగు ఉత్తరం రాస్తవని నాకు తెల్వదు. చెల్లె ఉన్నన్ని దినాలు నీ నుంచి పెండ్లి పత్రికల మీద పేరు రాసుడు తప్ప ఏ అక్షరం చూడలే.

మొన్న మీ ఇంటి ముచ్చట్ల పడి నాకు మా అవ్వ కలల అచ్చింది. పందిరి కింద కూసొని మెడ సన్నటి కాయను నిమురుతున్నది. ఈ కాయ మాకు బువ్వ పెట్టింది మొండయ్యా. మా నాయిన కాలు ఇరిగి మంచాన పడ్డ యేడు, ఆనిగెపుకాయ ముక్కలు ఉడకబెట్టుకొని, జొన్న రొట్టెతోని ఆరు నెలలు తిన్నం. నర్సవ్వ అప్పుడు ఇంత పోరి. ఇంక నాకొద్దు అని ఏడ్చేది. పెద్దగైనంక ఆ గింజను అదే దాచింది చూడు.

పువ్వు పూసిందా? పూస్తే ఎప్పుడు పూసింది, ఎన్ని పూసినయి, అన్ని రాయి. గుడ్డ పేలిక దేనికి కట్టినవో రాయి. పదమూడో తారీకు సంది అందరు సమ్మె అంటున్నరు. మీ బడి గూడ బందేనా?

వెంకటవ్వ

*

కోరుట్ల,
2011 సెప్టెంబర్ 26.

వదినెకు,

సమ్మెల ఉన్న. సకల జనులు సమ్మె అంటే నేను గూడ జనమే గద. బడికి తాళం. గంట కొట్టకపోయినా ఎవలు అడుగతలేరు. పొద్దున టెంట్ల కూసుంట. ఉపన్యాసాలు ఇస్తరు, పక్కోడు చప్పట్లు కొడితే నేను కొడుత. నాయంత శ్రద్ధగ ఎవలు వినతలేరని పెద్దసారు మెచ్చుకున్నడు.

పువ్వు పూసింది వదినె. పొద్దున లేచి పండ్లు తోముకుంట చూస్తే పందిరి నిండ తెల్లగ, కొంగలు వాలినట్టు. కండ్లు చల్లబడ్డయి. పిందెలు మూడు పడ్డయి. ఒకదానికి నర్సవ్వ పాత చీర అంచు చింపి కట్టిన, ఆకుపచ్చది.

కాయ పంపుదామంటే బస్సులు బంద్. తెలంగాణ ఇచ్చినంకనే తింటం అని కాయలు గూడ ఒట్టు పెట్టుకున్నయి. నీ ఉత్తరమే పదిహేను దినాలకు వచ్చింది. ఇది ఎప్పుడు అందుతదో.

నీకు బతుకమ్మ పూలు దొరుకుతున్నయా?

మొండయ్య

*

సిరిసిల్ల,
2011 అక్టోబర్ 9.

మొండయ్యకు,

ఉత్తరం అందింది.

ఈడ బొగ్గు లేక కరెంటు లేదు. మగ్గాలు ఆగినయి. ఊరికి ఊరే నీ చెవుల లెక్క అయింది. ఇరవై ఏండ్ల సంది ఆ చప్పుడుల పండుకున్న, ఇప్పుడు నిద్ర పడతలేదు. నేను చుట్టే బీడీ ఆకు చప్పుడు నాకే వినబడుతున్నది. జితేందర్ గోడకు ఆనుకొని కూసుంటున్నడు.

బతుకమ్మ అయింది. దసరా అయింది. చెల్లె పేరు మీద ఒక బతుకమ్మ పేర్చిన.

ఒంట్ల ఎట్లున్నది? వేళకు తింటున్నవా?

బస్సులు నడిచినంక ఒకసారి అస్త. నీ పందిరి కింద కొద్దిసేపు కూసుంట.

వెంకటవ్వ

*

కోరుట్ల,
2011 అక్టోబర్ 18.

వదినెకు,

నీ ఉత్తరం పది సార్లు చదివిన. అందుల గింజ గురించి ఒక్క మాట లేదు. మరిదీ అని లేదు, మొండయ్యకు అని ఉన్నది. కాయ ఎంతయింది అని అడుగలే. పేలిక రంగు బాగున్నదా అని అడుగలే. నువ్వు అడిగినన్ని దినాలు అబద్ధం రాసుడు అల్కగ ఉండె. అడుగకపోతే చేతులు ఆడతలేవు.

నిన్న బస్సులు మొదలైనయి. నువ్వు వస్తవు. పందిరి ఉన్నది, దాని కింద నీడ తప్ప ఏం లేదు. గందుకే ముందే రాస్తున్న. దీంతోని ఒక పాత ఉత్తరం పెట్టిన, జూన్ నెలది. సగంల ఆగింది. ఆ సగం తరువాత రాయాల్సింది ఇదే.

పిడకలు కాలబెట్టిన వదినె. తెలువక కాలబెట్టిన. అది నా తప్పు కాదని ఎవలన్న అంటరేమో. తెలిసినంక నాలుగు నెలలు నీకు తీగె పాకిచ్చిన, పువ్వు పూయిచ్చిన, పిందె పట్టిచ్చిన. అది తప్పే. చీర అంచు నిజంగనే చింపిన. కట్టనీకి కాయ లేక గుంజకు కట్టిన. అంగట్ల సొరకాయ కొని మీ అవ్వ కాయ అని పంపుదామని గూడ ఒకనాడు చేతుల పట్టుకొని నిలబడ్డ. అది కట్టె లెక్క సీదా ఉన్నది. నాకే నవ్వొచ్చింది. పెట్టి వచ్చిన.

ఎందుకు చేసినవు అంటే ఏం చెప్పాలె. విత్తనం లేదని రాస్తే నీకు నాకు రాసుకునేటందుకు ఏం ఉన్నది? నర్సవ్వ లేదు. ఇగ గింజ గూడ లేకుంటే నువ్వు ఎవలికి వదినెవు, నేను ఎవలికి మరిదిని? పోస్టాయన మళ్ళ సైకిల్ దిగకుంటనే పోతడు, గంతే గద.

మీ అవ్వ విత్తనం నా చేతుల్ల పోయింది. తిట్టు. తిట్టుకుంట అయినా సరే, రాయి.

మొండయ్య

*

సిరిసిల్ల,
2011 అక్టోబర్ 30.

మరిదీ,

కోపం రాలేదని అనుకోకు. రెండు దినాలు బీడీ ముట్టలే. నీ ఉత్తరం చింపుదామని చేతుల పట్టుకున్న. నాలుగు వేళ్ళ అచ్చు అని నువ్వు రాసిన కాడ ఆగిన.

నువ్వు అబద్ధం రాస్తున్నవని నాకు పువ్వు కాడనే తెలిసింది. ఆనిగెపు పువ్వు పొద్దున పూయది మొండయ్యా. పొద్దూకంగ పూస్తది, తెల్లారేసరికి వాడుతది. ముప్పై ఏండ్లు ఆ పందిరి కింద చేతులు కడుక్కున్నవు, ఎన్నడన్న తలకాయ ఎత్తి చూసినవా? బడి విడిచినంక కల్లు మండువ కాడ కూసొని చీకటి పడ్డంక ఇల్లు చేరేటోనివి. ఆ పువ్వు పూసేటప్పుడు మా చెల్లె ఒక్కతే ఉండేది. ఆ ముచ్చట నాతోని చెప్పేది. "అక్కా, దీపాలు పెట్టినట్టుంటదే, చూసేటోళ్ళు లేరు" అనేది. నీకు ఈ మాట చెప్పద్దనుకున్న. ఇప్పుడు చెప్తున్న.

తెలిసినా అడుగలే. నువ్వే చెప్తవని చూసిన. చెప్పినవు.

ఇగ విను. విను అంటున్న గని నీకు వినరాదు, గందుకే సరిగ చదువు. దూలానికి ఉన్న బుర్ర అని రాసినవు చూడు, మూతి కొయ్యలేదు అని. కల్లు బుర్రకు మూతి కొయ్యకుంట ఎవలన్న ఉంచుతరా? గౌండ్ల ఇంట్ల పుట్టినోనివి నీకే తెలువకపోతే ఎట్ల? అది మా నాయినది కాదు. మా అవ్వ ఏటా గోడకు ఎన్ని కొట్టినా ఒక కాయను కొయ్యకుంట ఎండబెట్టి దూలానికి కట్టేది. వానకు గోడ తడువచ్చు, ఎద్దు రాసుకోవచ్చు, ఏదన్న కావచ్చు, ఒకటి లోపల ఉండాలె అనేది. నర్సవ్వ గూడ గట్లనే చేస్తున్నదని నాకు తెల్వదు. నీ ఉత్తరంల చదివి, మంచిగ చేసింది అనుకొని ఊకున్న. అప్పటికి నీ తీగె పాకుతున్నది గద!

చెవి కాడ ఊపితే ఏం చప్పుడైతది నీకు? నీ చెవులకు సర్కారే జీతం ఇస్తలేదు అని నువ్వే రాసినవు. రెండు అరచేతుల నడుమ పట్టుకొని ఊపు. ఊపి ఏమైందో రాయి. నిజం రాయి.

వెంకటవ్వ

*

కోరుట్ల,
2011 నవంబర్ 8.

వదినెకు,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ఇయ్యాల మంగళవారం. మూడు దినాలు బుర్ర జోలికి పోలే. ఊపితే ఏం లేకపోతే ఎట్ల అని బుగులు. ఏం లేదని తెలువనంత సేపు ఉన్నట్టే గద.

ఇయ్యాల బడికెల్లి వచ్చినంక దించిన. మూతి లేదు, నువ్వన్నది నిజం. మెడ సన్నగ, కింద కుండ. బూజు తుడిచిన. ముందుగాల అలవాటు కొద్ది చెవి కాడనే పెట్టుకున్న. ఏం లేదు. తరువాత నువ్వు చెప్పినట్టు రెండు చేతుల నడుమ పట్టుకొని, కండ్లు మూసుకొని, మెల్లగ ఊపిన.

ఉన్నయి వదినె. గంట కొట్టినప్పుడు మణికట్టుకు తెలిసినట్టు తెలిసింది. చిటికెన వేలు కాడ ఒక్కటి తగిలింది, తరువాత గుంపుగ ఇవతలి చేతికి వచ్చినయి. వెనుక అరుగు మీద కూసొని శానాసేపు ఊపిన. ముప్పై ఏండ్ల సంది నాకు ఏ చప్పుడు గింత దగ్గరికి రాలే.

పలగ్గొట్టి నీకు నాలుగు పంపుదామని సుత్తె తెచ్చిన. మళ్ళ లోపల పెట్టిన. ఒకసారి చేతులతోని చేసిన పనికి ఇంకా సిగ్గు పోలే. మిరుగానికి ఏడు నెలలున్నది. అప్పుడు నువ్వు వచ్చి నీ చేతితోని పలగ్గొట్టు. ఏది మొనో ఏది తలో నాకు చూపియ్యి, ఇప్పటికీ నాకు తెలువదు. జూన్ నెలల అది గూడ అబద్ధమే రాసిన.

పందిరి పీకలే. చీర అంచు గుంజకే ఉన్నది, వచ్చే ఏటి కాయకు అదే కడుత. భీమయ్య గోడ మీదికెల్లి చూసి, ఖాళీ పందిరి కింద బుర్ర ఊపుకుంట కూసున్న నన్ను, వినబడుతున్నదా అని సైగ చేసి అడిగిండు. పట్టుకొని చూడు అని ఇచ్చిన. ఊపిండు. వానికి మంచి చెవులున్నయి, నాకంటె ముందే మొఖం మారింది. జూన్ నెలల నా పిడకలు జై కొడుతున్నయని నవ్వినోడు వీడే. బుర్రను రెండు చేతులతోని మళ్ళ నాకిచ్చి పోయిండు.

బడి నాలుగున్నరకు విడుస్తది. నీ ఉత్తరం అందిన సంది మండువ కాడికి పోకుంట సీదా ఇంటికి వస్తున్న. ఇప్పుడైతే చూడనీకి ఏం లేదు. అలవాటు చేసుకుంటున్న, పువ్వు పూసే యాళ్ళకు ఇంట్ల ఉండాలె గద.

నీ మరిది
మొండయ్య